‘మేలు నొప్పులు’ అర్థం కాని కృత్రిమ మేధ

చిత్తూరు పల్లెల్లో జబ్బు చేస్తే ‘మేలు బాగలేదు’ అంటారు. మేలంటే ఇక్కడ శరీరం. ఈ మధ్య చంద్రగిరి దగ్గర మా బంధువుల ఊళ్లో ఒక పెద్దావిడ ‘రెండు దినాలుగా మేలంతా నొప్పులు, కడుపులో దేవినట్టుంది’ అంటే, ఆ మాటలను ఉన్నవున్నట్టే ఫోనులో ఒక చాట్‌బాట్‌కు టైపు చేసి చూశాను. మేలును అది మంచి అనుకుంది. నొప్పులు ఒక్కోసారి ఒంటికి ఎలా ఉపకరిస్తాయో వివరించబోయింది. అదే సంగతి ఇంగ్లీషులో అడిగితే జ్వరం ఉందా, మూత్రం పచ్చగా వస్తోందా అని డాక్టరు అడగవలసిన ప్రశ్నలే వేసింది. వైద్యం దానికి తెలియక కాదు, మనం తెలియక.

పేద దేశాల వైద్యంలో ఏఐ భాషా నమూనాలను, అంటే ఇలాంటి చాట్‌బాట్‌లను నడిపే కృత్రిమ మేధను, వాడాలా అన్న చర్చ నా లెక్కలో ముగిసింది. కెన్యా రాజధాని నైరోబీలో పెండా హెల్త్ అనే సంస్థ నడిపే 15 క్లినిక్‌లలో, 39,849 రోగి సందర్శనలపై జరిపిన పరిశీలన ఫలితాలు 2025లో వెలువడ్డాయి. ఏఐ సలహా అందిన చోట రోగ నిర్ధారణ తప్పులు 16 శాతం, చికిత్స తప్పులు 13 శాతం తగ్గాయి. అక్కడ రోగిని చూసేది చాలావరకు ఎంబీబీఎస్ డాక్టర్లు కాదు, అంతకంటే తక్కువ చదువుతో వైద్యం చేసే క్లినికల్ ఆఫీసర్లు. అంటే మన ఊళ్లలో ఏఎన్‌ఎం (ఊరి నర్సమ్మ), ఎంఎల్‌హెచ్‌పీ (ఆరోగ్య ఉపకేంద్రంలో రోగులను చూసే మధ్యస్థాయి ఉద్యోగి) మోస్తున్న బరువు లాంటిదే వాళ్లదీ.

యంత్రం తడబడకుండా అబద్ధం చెబుతుందనీ, ఆ క్లినిక్‌లలో కూడా రోగులు కోలుకోవడంలో స్పష్టమైన తేడా తేలలేదనీ అనేవారున్నారు. రెండూ నిజమే. అయితే కుప్పం అవతలి పల్లెలో యంత్రానికి పోటీ వేలూరు పెద్దాసుపత్రి స్పెషలిస్టు కాదు, మందుల షాపులో అడక్కుండానే చేతిలో పెట్టే మాత్ర.

నన్ను కలవరపెట్టేది వేరు. నైరోబీలో కేసు వివరాలు ఇంగ్లీషులో రాస్తారు కనుక యంత్రానికి అర్థమయ్యాయి. మన దగ్గర గుండెపోటుతో వచ్చినవాడు ‘గ్యాసు పట్టేసింది’ అంటాడు; షుగరున్నవాళ్లకైతే కొందరికి ఆ నొప్పి కూడా రాదు, చెమటలు పోసి ఆయాసపడతారు. అనుభవమున్న నర్సు గ్యాసన్న మాట వినగానే ఈసీజీ తీయిస్తుంది. రోగి మాటను ఇలా పట్టుకునే జ్ఞానం పుస్తకాల్లో కన్నా ఆమె చెవిలో ఉంది. ఆమె రిటైరైతే అదీ పోతుంది.

ఆ మాటలు ఎక్కడా ఎందుకు రాసి లేవంటే, తెలుగును అధికార భాషగా చేసే చట్టం 1966లోనే వచ్చినా, వైద్యం దాని గడప దాటి లోపలికి రాలేదు కనుక. రోగి తెలుగులో బాధపడతాడు, కేసు షీటు ఇంగ్లీషులో మూలుగుతుంది, డిశ్చార్జి సమ్మరీని పెద్ద చదువు చదివిన మేనల్లుడు వచ్చిందాకా దిండు కింద దాచుకుంటారు. వైద్యాన్ని మన భాషల్లోకి తేవడం సాధ్యం కాని పనీ కాదు: 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పిన నిజాం ప్రభుత్వం, అనువాద విభాగం పెట్టి పుస్తకాలు తయారుచేయించి, వైద్యాన్ని కూడా ఉర్దూలోనే చదివించింది. ఎనిమిది కోట్ల మంది భాషకు ఆ పాటి పూనిక లేకపోయింది కనుకే, ఇప్పుడు యంత్రానికి నేర్పుదామంటే మన దగ్గర పాఠం లేదు.

తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఒక్క ఉదయం వినిపించే మాటలను, రోగుల అనుమతితో, పేర్లు తీసేసి, పక్కన రోగ నిర్ధారణతో సహా రాసిపెట్టడానికి ఒక రికార్డరు, ఈ యాస తెలిసిన ఇద్దరు హౌస్‌సర్జన్లు చాలు.