త్రాసు ఒకటే, రాళ్లు వేరు

టీవీ రిమోట్ మీద అన్నిటికంటే ముందు అరిగిపోయేవి వాల్యూమ్ బొత్తాల గుర్తులే. వార్తల చానల్‌లో పదిహేను దగ్గరే చెవులు గింగురుమంటాయి. పక్క చానల్‌లో పాత సినిమాకు ఇరవై ఐదు పెట్టినా మాట పెగలదు. అక్కడి నుంచి స్ట్రీమింగ్ యాప్‌లోకి వెళితే నలభై కావాలి. ఆ నలభై మీద ఉండగానే తిరిగి వార్తలకు వస్తే, పక్క గదిలో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. దీన్ని చిన్నపాటి చిరాకుగా తీసిపారేయడం అందరికీ అలవాటైపోయింది. ప్రతి సాయంత్రం, దశాబ్దాలుగా సాగుతున్న చిరాకు చిన్నది ఎలా అవుతుందో మాకు బోధపడదు. పైగా ఇది సాంకేతికంగా ఎప్పుడో తేలిపోయిన లెక్క.

ప్రసార కేంద్రాలు చాలాకాలం ధ్వనిని దాని శిఖరాలతోనే కొలిచాయి. మీటరు ముల్లు ఎర్ర గీత దాటకుంటే అంతా సవ్యమే. చెవి లెక్క అది కాదు. క్షణకాలం ఎగసిపడిన శబ్దం కంటే, ఎడతెరిపి లేకుండా వచ్చి పడే శబ్దమే దానికి బిగ్గరగా తోస్తుంది. ప్రకటనలు తయారుచేసేవారు ఈ సందును బాగా కనిపెట్టారు. మెల్లని శబ్దాలను పైకి లేపి, పెద్ద శబ్దాలను కాస్త నొక్కి, మొత్తాన్నీ ఆ గీత కిందే మూటలా కుక్కితే ముల్లు దాన్ని దాటదు, వినేవారికి మాత్రం ఎవరో చెవిలో అరిచినట్టుంటుంది. ప్రకటన శిఖరం కార్యక్రమం శిఖరాన్ని మించలేదని ఎవరైనా వాదిస్తే, అందులో అబద్ధం లేదు. వినేవారి ఫిర్యాదులోనూ లేదు.

ఈ సందును మూసే పద్ధతిని 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ‘బీఎస్ 1770’ అనే సిఫారసుగా ప్రకటించింది. చెవి గంభీరమైన శబ్దాలను తక్కువగా, పై శ్రుతి శబ్దాలను ఎక్కువగా పట్టించుకుంటుంది. ఆ తీరును లెక్కలోకి తీసుకుని, కార్యక్రమం మొత్తం మీద బిగ్గరతనాన్ని ఒక్క అంకెలో చెప్పడం దీని పని. తర్వాతి సవరణల్లో నిశ్శబ్దపు ఘట్టాలను లెక్క నుంచి తప్పించారు. లేకుంటే అరుపుల మధ్య కాసింత మౌనం పోసి సగటు దించేయవచ్చు! 2010లో ఐరోపా ప్రసార సంఘం ‘ఆర్ 128’ పేరిట మైనస్ 23ను ప్రమాణంగా నిర్ణయించింది. అమెరికాలో అది మైనస్ 24. డిజిటల్ ధ్వనికి సున్నాయే గరిష్ఠం కాబట్టి లెక్క మైనస్‌లో సాగుతుంది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బిగ్గర. ఒక్కో అంకె ఒక డెసిబెల్‌కు సమానం. మొదట గుసగుసలాడి చివర్లో విరుచుకుపడే చిన్న ప్రకటనలు సగటు మాటున దాక్కోకుండా, మూడేసి సెకన్ల కొలతకు కూడా ఐరోపా సంఘం హద్దు గీసింది.

చట్టాలు కూడా వచ్చాయి. ప్రకటనల హోరును అణచడానికి అమెరికా 2010 డిసెంబరులో ఒక చట్టం చేసింది. దాని ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలు కలిపితే ‘కామ్’, అంటే ప్రశాంతం. పేరు పెట్టడంలో చట్టసభల చమత్కారానికి లోటుండదు. 2012 డిసెంబరు నుంచి అమలవుతున్నా ఫిర్యాదులు ఆగకపోవడంతో, అక్కడి నియంత్రణ సంస్థ 2025లో మళ్లీ ప్రజల అభిప్రాయాలు కోరింది. ఆ చట్టం టీవీ ప్రసారాలకూ కేబుల్‌కూ ఉపగ్రహ సేవలకూ వర్తిస్తుంది, స్ట్రీమింగ్‌కు వర్తించదు. ఆ లోటు పూడ్చేందుకు కాలిఫోర్నియా రాష్ట్రం 2025 అక్టోబరులో విడిగా చట్టం చేసి, 2026 జూలై 1ని అమలు తేదీగా పెట్టుకుంది. భారత్‌లో 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలు కూడా ప్రకటన ధ్వని అతిగా బిగ్గరగా ఉండకూడదనే అంటాయి. ఎంత దాటితే అతి అవుతుందో ఆ వాక్యం చెప్పదు. అంకె లేని నియమం కొలబద్ద లేని కొలత లాంటిది.

అయితే ప్రకటనల మీద ఇంత చర్చ జరిగే వేళ, అంతకంటే పెద్ద తేడా ఇంకో వైపు పెరిగింది. ఇప్పుడు ఒకే తెర మీదికి సెట్‌టాప్ బాక్సు, యాప్‌లు, గేమ్ యంత్రం, ఫోను అన్నీ వచ్చి చేరుతున్నాయి. ప్రసార చానళ్లకు మైనస్ 23, 24 ప్రమాణమైతే, నెట్‌ఫ్లిక్స్ తనకు కార్యక్రమాలు ఇచ్చేవారిని మైనస్ 27 అడుగుతుంది. అది కూడా మొత్తం ధ్వనికి కాదు, సంభాషణలకు. యూట్యూబ్ మైనస్ 14 పరిసరాల్లో ఉంటుంది. కొలిచే త్రాసు ఒకటే, ఎవరి రాళ్లు వారివి. మైనస్ 14కూ 27కూ మధ్య దూరం 13 డెసిబెళ్లు. పది డెసిబెళ్లు పెరిగితేనే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. ఎవరి ఇంట్లో వారు సక్రమంగానే ఉన్నారు, గడప దాటినప్పుడే గొడవ.

ఈ తేడాలన్నీ తప్పులే అనడం మా ఉద్దేశం కాదు. సినిమాలో గుసగుస గుసగుసలాగే, పేలుడు పేలుడులాగే వినబడాలని ధ్వని కూర్చినవారు కోరుకోవడం న్యాయం. కానీ థియేటర్‌కు కూర్చిన ఆ ధ్వనిని, గోడవైపు తిరిగిన సన్నని స్పీకర్లున్న టీవీ మోయలేదు. ఆరు మార్గాల ధ్వనిని రెండు స్పీకర్లలోకి కుదిస్తే ముందుగా మునిగిపోయేది సంభాషణే. వినికిడి మందగించిన పెద్దవారు దీనివల్ల పడే అవస్థ ఇంకా ఎక్కువ.

ఇళ్లలో చేయదగినవి కొన్ని ఉన్నాయి. సెట్‌టాప్ బాక్సు వాల్యూమ్‌ను పూర్తిగా పెంచి వదిలేసి, తగ్గించడం పెంచడం టీవీతోనే చేస్తే కొంత తేడా తగ్గవచ్చు. యాప్‌లో రెండు స్పీకర్ల ధ్వనిని ఎంచుకుంటే మాటలు తేటపడతాయి. చాలా టీవీల్లో ఆటో వాల్యూమ్, నైట్ మోడ్ వంటివి ఉన్నాయి. వాటి పనితనం ఓ మోస్తరు. మాట ఆగిన ప్రతిసారీ వెనుక హోరు ఉబికి వస్తుంది. టీవీ ధ్వనిని యథాతథంగా సౌండ్‌బార్‌కు పంపుతుంటే అవి పనే చేయకపోవచ్చు.

కానీ ఇవన్నీ వినియోగదారుడి నెత్తిన వేసిన పనులు. అన్ని దారులూ కలిసే కూడలి టీవీయే. ఏ మార్గం నుంచి వస్తున్న ధ్వని ఎంత బిగ్గరగా ఉందో కొలవగల శక్తి నేటి టీవీలకు ఉంది. కొన్ని నమూనాల్లో ఒక్కో ఇన్‌పుట్‌కు విడిగా స్థాయి సరిచేసే వీలు కూడా ఉంది, మెనూలో నాలుగు మెట్లు దిగితే. ప్రసార సంస్థలు, స్ట్రీమింగ్ వేదికలు ప్రతి కార్యక్రమంతో పాటు దాని బిగ్గరతనపు అంకెను పంపాలి. టీవీ తయారీదారులు దాన్ని చదివి అన్నిటినీ ఒకే స్థాయికి తేవాలి. నియంత్రణ సంస్థలు ఈ రెండిటినీ సలహాగా కాక షరతుగా పెట్టాలి. కొత్త టీవీని ఆన్ చేయగానే అది భాష అడుగుతుంది, వైఫై అడుగుతుంది, ఎవరూ చదవని పది పుటల ఒప్పందానికి అంగీకారం అడుగుతుంది. అన్ని చానళ్ల ధ్వనినీ సమం చేయమంటారా అన్న ప్రశ్నకు ఆ వరుసలో ఇంకా చోటు దొరకలేదు.