టైంటేబుల్లో ఉంది, తరగతిలో లేదు

బెజవాడలో చాలా హైస్కూళ్ల టైంటేబుల్లో వారానికో డ్రాయింగ్ పీరియడ్ ఉంటుంది. గంట కొట్టాక తరగతిలోకి వచ్చేది మాత్రం సిలబస్ వెనకబడిన లెక్కల మాస్టారు. పదో తరగతికి వచ్చేసరికి ఆ పీరియడ్ పేరు కూడా మిగలదు.

కాగితాలకు కొదవ లేదు. పదో తరగతి దాకా కళలు తప్పనిసరి చేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళలు నేర్పే పార్ట్ టైమ్ బోధకులుండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. పాఠ్యం, పాఠ్యేతరం అనే గోడే వద్దంది 2020 విద్యా విధానం. అయినా పదో తరగతి పరీక్షల 600 మార్కుల్లో ఒక్క మార్కూ లేని సబ్జెక్టుకు జీతమెందుకన్నది యాజమాన్యాల లెక్క. తల్లిదండ్రులూ గట్టిగా అడగరు.

వార్షికోత్సవం చేస్తున్నాం కదా అంటారు. నెల ముందు అద్దెకు తెచ్చిన డాన్స్ మాస్టరు, ఓ సినిమా పాట, డ్రెస్సులకు చందాలు. బాగా ఆడే నలుగురు ముందు వరసలో, మిగతావాళ్లు కింద చప్పట్లకు. దీన్ని కళావిద్య అంటే, పెళ్లిభోజనం తిన్నవాణ్ణి వంటవాడనాలి.

బొమ్మలేస్తే లెక్కలు బాగా వస్తాయని వాదించేవారూ ఉన్నారు. వస్తే సంతోషమే. కానీ ఆ వాదనతో డ్రాయింగు మళ్లీ లెక్కల మాస్టారి దగ్గర గుమాస్తాగిరీకే చేరుతుంది. కళకు తన పని తనకుంది. కొండపల్లిలో ఏనుగు బొమ్మ చేసేచోట కాసేపు కూర్చుంటే అది తెలుస్తుంది. తెల్ల పొణికి కర్రతో విడివిడిగా చెక్కిన భాగాలను, చింతపిక్కల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఉలి కాస్త జారితే తొండం పోతుంది, మళ్లీ చెక్కాలి. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోయి ఊరుకుంటుంది. ఇక్కడ తప్పు చేతిలోనే ఉంటుంది, దాన్ని తిప్పి చూసి దిద్దుకోవచ్చు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లకు ఆ అనుభవం దొరికే చోటు ఇంకొకటి లేదు.

నేర్పేవాళ్లు లేరనడానికీ వీల్లేదు. బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల, ఇప్పుడు ఘంటసాల పేరుతో, ఈ ఊళ్లోనే ఉంది. కూచిపూడి పక్క జిల్లాలోనే ఉంది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ప్యాసైన యువకులు ఇంటింటా కనిపించకపోయినా, వీధికొకరైనా తగులుతారు. వాళ్లకు లేనిది ఉద్యోగం.

ప్రభుత్వం డ్రాయింగ్, సంగీతం టీచర్లను శాశ్వత పోస్టుల్లో నియమించాలి. ఆ లోగా కొండపల్లి పనివారిని నెలకు రెండు రోజులైనా, తగిన వేతనమిచ్చి, బడులకు పిలవాలి. ప్రైవేటు స్కూళ్ల గుర్తింపు రెన్యువల్‌కు తనిఖీకి వెళ్లే అధికారి ల్యాబు, ఆటస్థలంతో సరిపెట్టుకోకుండా, చెప్పాపెట్టకుండా ఓ డ్రాయింగ్ పీరియడ్‌కు వెళ్లి బ్లాక్‌బోర్డు మీద ఏముందో చూడాలి.