ఏళ్లు గడిచినా తేలని నింద

హైదరాబాద్‌ నిమ్స్‌లో 1990లో జరిగిన శస్త్రచికిత్సలో వైద్యుల నిర్లక్ష్యం వల్ల నడుము కింది భాగం చచ్చుబడిపోయిన ఇంజినీరింగ్‌ విద్యార్థికి కోటి రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2009లో. చక్రాల కుర్చీలోంచే తన వాదన తానే వినిపించుకున్న ఆ యువకుడికి న్యాయం అందడానికి 19 ఏళ్లు పట్టడం క్షమించరానిది. తప్పు చేయని వైద్యుడైనా అన్నేళ్లు అనుమానం కింద బతకాల్సి రావడమూ అంతే అన్యాయం.

వైద్యసేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చిన 1995 నాటి తీర్పును మేం సమర్థిస్తున్నాం. పరిహారం చెల్లించడానికి వైద్యులకు వృత్తి బీమా ఉంది. చికిత్సలో నిర్లక్ష్యంతో ఓ మహిళ మరణించిన కోల్‌కతా కేసులో 2013లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన సుమారు రూ.6 కోట్లలో ముగ్గురు వైద్యుల వంతు రూ.25 లక్షలే, మిగిలిందంతా ఆసుపత్రి భరించింది. చిన్న పట్టణంలో ఇరవై పడకల నర్సింగ్‌హోమ్‌ నడుపుకొనే డాక్టరుకు అలాంటి పెద్ద ఆసుపత్రి అండ లేదు. గేటు ముందు మృతదేహంతో ధర్నా, పగిలిన అద్దాలు, స్థానిక నాయకుల మధ్యవర్తిత్వం, రాత్రికి రాత్రి సెటిల్‌మెంట్‌. తప్పెవరిదో తేలకుండానే చెల్లించే ఆ సొమ్ము బీమా నుంచి రాదు. ఒకసారి ఆ దెబ్బ తిన్నవారు, రక్తస్రావంతో అర్ధరాత్రి వచ్చిన బాలింతను చేయి కూడా వేయకుండా 108 ఎక్కించి పెద్దాసుపత్రికి పంపేస్తారు. దారిలో పోయే ప్రాణానికి ఏ కోర్టులోనూ లెక్క ఉండదు.

నిపుణుడైన మరో వైద్యుడి అభిప్రాయం లేనిదే క్రిమినల్‌ విచారణ వద్దని, అరెస్టులు యథాలాపంగా జరగరాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. అయినా 2022లో రాజస్థాన్‌లోని లాల్‌సోట్‌లో బాలింత మరణంపై పోలీసులు ఏకంగా హత్య కేసు పెట్టగా, ఆ వైద్యురాలు ప్రాణాలు తీసుకున్నారు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌, చికిత్సలో నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే వైద్యులకు రెండేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తోంది. కాబట్టి నిపుణుల అభిప్రాయమనే ఆ వడపోత ఇప్పుడు మరింత అవసరం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రతి జిల్లాలో శాశ్వత నిపుణుల సంఘాన్ని నియమించి, నిర్లక్ష్యం ఫిర్యాదులపై నిర్ణీత గడువులో నివేదిక రప్పించాలి. వైద్య మండళ్లు తోటివారని వెనకేసుకు రాకుండా, తప్పు రుజువైన వారి రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్‌ చేయాలి. అడిగిన 72 గంటల్లో కేస్‌షీటు నకలు ఇవ్వాలన్న నిబంధన 2002 నుంచీ ఉంది. ఆ కాగితాలు సకాలంలో చేతికందితే, ఏం జరిగిందో తెలుసుకోవడానికి రోగి కుటుంబం గేటు ముందు బైఠాయించాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.