మాల్టా వెళ్తే కారు తాళం అడగొద్దు

యూరప్‌లోని బుల్లి ద్వీపదేశం మాల్టా. మాల్టా, గోజో, కొమీనో దీవులు మూడూ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. ఇటీవలి విస్తరణకు ముందున్న జీహెచ్‌ఎంసీలో దాదాపు సగం. అక్కడి జనాభా ఐదున్నర లక్షల పైచిలుకు, వాహనాలేమో 4 లక్షలు దాటాయి. అంత కిక్కిరిసిన రోడ్లపైకి ఇంకో కారు వేసుకుని బయల్దేరమని పర్యాటకుడికి సలహా ఇవ్వడం తప్పు. పర్యావరణం సంగతి పక్కన పెట్టినా, సెలవు గంటలు లెక్కేసుకున్నా అది తప్పే.

మనవాళ్లకు ఆశ పుట్టించేది ఒకే విషయం: అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. కానీ ఇబ్బంది నడపడంలో లేదు, ఆపడంలో ఉంది. స్లీమా పట్టణంలో సాయంత్రం తెల్లగీతల పార్కింగ్ గడి ఖాళీగా దొరకాలంటే వీధులన్నీ చుట్టాలి. పసుపు గీత మీద ఆపితే జరిమానా. రాజధాని వలెట్టాలోకి వెళ్తే కెమెరాలు నంబర్‌ ప్లేట్‌ చదివి, లోపల ఉన్న సమయాన్ని బట్టి రుసుము వేస్తాయి. అందుకే తెలిసినవాళ్లు పక్కనున్న ఫ్లోరియానాలో కారు వదిలి కోటద్వారం దాకా నడుస్తారు. ఆ ద్వారం ఎదుటే, ట్రైటన్ ఫౌంటెన్ చుట్టూ, దీవి మొత్తానికీ ప్రధాన బస్‌స్టేషన్. అద్దె, డిపాజిట్, పెట్రోలు, పార్కింగ్ అన్నీ కట్టి చివరికి చేరేది రెండున్నర యూరోల బస్సు దింపే చోటికే!

అసలు దారి నీళ్ల మీద ఉంది. స్లీమా నుంచి వలెట్టా ఎదురుగా కనిపిస్తుంటుంది. రోడ్డున వెళ్తే గ్జీరా, ఇమ్సీదా మీదుగా రేవు అంచంతా చుట్టి రావాలి. ఇమ్సీదా దగ్గర ట్రాఫిక్ పట్టేస్తే బస్సైనా కారైనా ఒకటే. ఫెర్రీ ఎక్కితే పది నిమిషాల్లో అవతలి ఒడ్డు. వలెట్టాకు రెండోవైపున, గ్రాండ్ హార్బర్ దాటి ‘మూడు నగరాలు’ అని పిలిచే పాత పట్టణాలకు వెళ్లే ఫెర్రీ కూడా అలాంటిదే. వలెట్టా వైపు రేవు మెట్ల దారి నిటారుగా ఉంటుంది కాబట్టి, పెద్దవాళ్లుంటే బరక్కా లిఫ్ట్ ఎక్కించండి. 58 మీటర్ల ఎత్తు ఒక్క ఊపులో తప్పుతుంది.

బస్సులో తిప్పలు లేవని కాదు. టికెట్టు పగలు వేసవిలో రెండున్నర యూరోలు, రాత్రి సర్వీసులకు మూడు. రెండు గంటల్లోపు ఎన్ని బస్సులు మారినా చెల్లుతుంది కాబట్టి దిగగానే పారేయొద్దు. వారం రోజుల ఎక్స్‌ప్లోర్ కార్డు 25 యూరోలు. పది ప్రయాణాలతో డబ్బు రాబడుతుంది, పదకొండోది నుంచి లాభం. స్టాపులో నిలబడితే చాలదు, చెయ్యెత్తాలి. లేదంటే బస్సు ఆగకుండా పోతుంది. నిండిపోతే చెయ్యెత్తినా ఆగదు. గోజో ఓడలు బయల్దేరే చిర్కెవ్వా రేవుకు వెళ్లే 41, 42 బస్సులు వలెట్టాలో బయల్దేరతాయి. వేసవి పొద్దున మధ్యలో సెయింట్ పాల్స్ బే దగ్గర నిలబడ్డవాళ్ల ముందు నుంచి రెండు మూడు బస్సులు నిండుగా వెళ్లిపోవడం మామూలే. కాబట్టి వీలైనంతవరకు మొదటి స్టాపులోనే ఎక్కాలి. ఇంకొకటి: మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం, ట్యాప్ చెల్లింపు రెండూ మనం తెరిస్తేనే పనిచేస్తాయి. విమానం ఎక్కకముందే యాప్‌లో ఆన్ చేసుకోండి.

కారు కావాలనేవాళ్ల వాదనకు బలమున్న చోటు గోజో. అక్కడి రూట్లన్నీ ప్రధాన పట్టణం విక్టోరియా నుంచి చక్రం ఆకుల్లా విడిపోతాయి. చాలావాటికి గంటకొక బస్సే. ఒక్క నిమిషం ఆలస్యమైతే గంట పోయినట్టే. పసిపిల్లలో, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలో వెంట ఉంటే ఒకరోజు టాక్సీ మాట్లాడుకోవచ్చు, ఒప్పుకుంటాను. అంతేగాని మాల్టాలో అద్దెకు తీసుకున్న కారును ఓడ మీద దాటించొద్దు. ఆదివారం సాయంత్రం గోజోలోని ఇమ్జార్ రేవులో కార్ల వరుస కొండ మీదికి పాకుతుంది, నడిచి వెళ్లేవాళ్లు దాని పక్క నుంచే ఓడ ఎక్కేస్తారు. పాదచారులకు రానూపోనూ కలిపి 4.65 యూరోలు, అదీ తిరుగు ప్రయాణంలోనే వసూలు చేస్తారు. గోజోలోని షారా ఊళ్లో ప్రాచీన జ్గన్‌తీయా ఆలయాలు చూసి బస్సు కోసం కూర్చోవడమెందుకు? రంలా బీచ్‌కు దారంతా దిగుడే, అరగంట నడక.

బస్సులు ఎందుకు నిండుతున్నాయో చూస్తే మన సంగతి గుర్తొస్తుంది. 2022 అక్టోబర్ నుంచి మాల్టా స్థానికులకు బస్సు ప్రయాణం ఉచితం. మంచి నిర్ణయం. కానీ ఆ తర్వాతా వాహనాల సంఖ్య పెరుగుతూనే ఉంది. ఎందుకంటే ఉచిత బస్సు కూడా అదే ట్రాఫిక్‌లో, అదే కార్ల వెనక నిలబడుతోంది. మర్సా కూడలిలో ఒక్కచోటే ఏడు ఫ్లైఓవర్లు కట్టారు. అంత చిన్న దేశంలో ఆ కాంక్రీటు ఎవరి కోసం? బస్సు కోసం మాత్రం కాదు.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాయి. టికెట్టు ధర సున్నా చేయడం ఒక్క జీవోతో అయ్యే పని. బస్సు పది నిమిషాలకొకటి వచ్చేలా చూడటానికి డిపోలు, డ్రైవర్లు, రోడ్డు మీద విడిగా ఒక వరుస కావాలి. ఉచితాన్ని విమర్శించేవాళ్లతో నేను ఏకీభవించను. ఎక్కే హక్కు ఇచ్చాక నిలబడే చోటైనా ఇవ్వాలంటాను. పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218 దారిలో అమీర్‌పేట దాకా ఒక్క వరుస బస్సులకు వదిలి, ఆరు నెలలు నడిపి చూడండి. ఫ్లైఓవర్ టెండరు ఆ తర్వాత పిలవొచ్చు.