'పది సెకన్లు ముందుకు' బటన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బటన్ గారికి నమస్కరించి వ్రాయునది,

ఉభయకుశలోపరి. తెర కుడివైపు రెండుసార్లు తడితే చాలు, ప్రత్యక్షమైపోతారు. ఇంతటి భక్తసులభులు ఈ కాలంలో అరుదు. హీరో గారి స్లోమోషన్ నడకల విషయంలో తమరి సేవను కాదనేవాళ్ళెవరూ లేరు. అయితే తమరి చెయ్యి ఈమధ్య మసాకి కొబయాషి 1964లో తీసిన జపనీస్ సినిమా 'క్వైదాన్' మీద కూడా పడుతోంది. అందుకే ఈ ఉత్తరం.

సినిమా అసలు నిడివి 183 నిమిషాలు. తమరు 1,098 సార్లు దూకితే పని పూర్తి. నాలుగు దెయ్యాల కథలు, ఒక్క దెయ్యమూ ఎదురుపడదు. ఎంత సౌఖ్యం!

మొదటి కథనే తీసుకోండి. పేదరికం భరించలేక భార్యను వదిలేసి పెద్దింటి అల్లుడైన సమురాయ్, ఏళ్ళ తర్వాత క్యోటోలోని పాత ఇంటికి తిరిగొస్తాడు. ఇల్లు పాడుబడింది గానీ భార్యకు ఒక్క వెంట్రుకా నెరవలేదు. ఏమీ జరగడం లేదని తమరికి వేలు దురద పెట్టేది ఇక్కడే. తెల్లారాక పక్కన ఏముందో చూసి అతను పడుతూ లేస్తూ పరుగెడతాడు. కాలికింద కుళ్ళిన చెక్క విరుగుతుంది, చప్పుడు రాదు. ఫెళ్ళుమన్న చప్పుడు వచ్చేసరికి తెరమీద ఇంకేదో జరుగుతూ ఉంటుంది. సంగీతం చేసిన తోరు తకెమిత్సు శబ్దాన్ని బొమ్మనుంచి కావాలనే విడదీశాడు. కంటికి కనబడ్డది చెవికి అందదు, మనిషికి కాళ్ళూ చేతులూ ఆడవు. బొమ్మనూ శబ్దాన్నీ తెంపడం తమరికీ వచ్చు. ఆయన పడ్డ శ్రమ మాత్రం తమరికి లేదు.

తమరిది పాత వంశమే లెండి. అమెరికా విడుదలలో తమరి తాతగారు కత్తెర, రెండోదైన మంచు ఆడమనిషి కథను సాంతం ఎత్తేశారు. ఆ కథకోసం ఆకాశాన్ని సెట్టు మీద రంగులతో గీశారు. అందులోంచి పెద్ద పెద్ద కళ్ళు కిందికి చూస్తుంటాయి. రాత్రిపూట భార్య దీపం దగ్గర కుట్టుపని చేసుకుంటుంటే, ఎవరికీ చెప్పనని ఆ మంచు ఆడమనిషికి ఒట్టేసిన సంగతి భర్త మినోకిచి నోరుజారి మొదలుపెడతాడు. ఆమె ముఖం మారకముందే గదిలో వెలుగు మారుతుంది, పసుపు వెచ్చదనం పోయి నీలం కమ్ముకుంటుంది. తమరు అక్కడ ఒక్క గెంతు గెంతితే ఆ నీలం రావడం కనబడదు. "ఇప్పటిదాకా బాగానే ఉందిగా, ఈవిడకేమైంది?" అని చూసేవాడు దర్శకుణ్ణి తిడతాడు, తమరిని కాదు.

ఇక మూడో కథ, హోయిచిది. గంట దాటిన కథ, తమరికి పెళ్ళిభోజనం. 1185లో దన్-నో-ఉరా సముద్రయుద్ధంలో పసి చక్రవర్తితో సహా నశించిన హేయికే వంశం ప్రేతాలు, తమ చావు పాటను మళ్ళీ వినాలని బివా అనే తంత్రీవాద్యం వాయించే ఈ అంధుణ్ణి రాత్రిళ్ళు పిలిపించుకుంటాయి. ప్రేతాలకు కనబడకుండా అతన్ని కాపాడటానికి గుడిలో ఒళ్ళంతా కుంచెలతో హృదయ సూత్రమనే బౌద్ధ పాఠం రాస్తారు. (శూన్యవాదమంటే నాగార్జునుణ్ణి తలుచుకునే మనకు ఈ సూత్రం మరీ పరాయిదేం కాదు.) నుదురు, కనురెప్పలు, వేళ్ళు... రాస్తూనే ఉంటారు. తమరి దృష్టిలో ఇది సాగదీత. కానీ అక్షరం పడని చోటెక్కడో వెతుక్కునే అవకాశం చూసేవాడికి దొరికేది ఆ సాగదీతలోనే. గుడివాళ్ళు చెవుల దగ్గర తమరి పనే చేశారు: స్కిప్ కొట్టారు. వచ్చిన యోధుడి ప్రేతానికి గాలిలో రెండు చెవులే కనిపించాయి. దొరికినంత పట్టుకెళ్ళింది.

తమరి భక్తులకు కాస్త ఇబ్బంది కలిగించే సలహాలు రెండున్నాయి. పేరు చూసి మోసపోకుండా నిడివి చూడమనండి, 161 నిమిషాలుంటే అది కుదించిన ప్రతి. రెండోది, టీవీలో చప్పుళ్ళన్నిటినీ ఒకే ఎత్తుకు తెచ్చే నైట్ మోడ్ ఆపమనండి, లేకపోతే చెక్క చీలినా తలుపు జరిగినా ఒకటే.

చివరి కథలో టీ కప్పులో ఎవరిదో ముఖం కనబడుతుంది. కన్నాయ్ అనే సమురాయ్ దాన్ని తాగేస్తాడు. తర్వాత ఏమైందో, సినిమాలోనే ఆ కథ రాస్తూ కనిపించే రచయిత రాయలేదు, కథ మధ్యలోనే ఆగిపోయింది. తమరు ఎంత దూకినా అక్కడ క్లైమాక్స్ లేదు. ఆ రచయిత ఎటుపోయాడో నీళ్ళ తొట్టి దగ్గర తెలుస్తుంది, అదీ ఆగినవాళ్ళకే.

ఇట్లు,
తమ విధేయులు,
183 నిమిషాలవాళ్ళు

తా.క.: తెర నిండా బొమ్మను సాగదీసే తమరి తమ్ముడు జూమ్ గారికీ మా మాటగా చెప్పండి. ఇది వెడల్పాటి టోహోస్కోప్ బొమ్మ. పైనా కిందా నల్లపట్టీలు ఉండాల్సిందే. వాటిని మింగేస్తే రెండు పక్కలా బొమ్మ పోతుంది.