కొత్త ప్రాజెక్టు అడ్వాన్సుతో పాత టవర్ కట్టకూడదు

హైదరాబాద్ రియల్ ఎస్టేట్‌కు గడ్డుకాలం కొత్త కాదు. 2008లో ప్రపంచ ఆర్థిక సంక్షోభం, ఆ వెంటనే 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం, ఆ ఏడాది చివర మొదలై 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడేదాకా సాగిన అనిశ్చితి, 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు, 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ కుప్పకూలడంతో ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థల) నుంచి అప్పు పుట్టకపోవడం, 2020లో కరోనా, దానికి తోడు ధరణి అనే భూరికార్డుల పోర్టల్ పేరుతో అదే ఏడాది సెప్టెంబరు నుంచి మూడు నెలలకు పైగా ఇళ్ల రిజిస్ట్రేషన్లు ఆగిపోవడం... ఈ నగరంలో బిల్డర్లు ఇన్ని దెబ్బలు తిన్నారు. ప్రతిసారీ కొందరు నిలబడ్డారు, కొందరు దుకాణం కట్టేశారు. నిలబడినవారంతా పెద్దవారు కారు, పడిపోయినవారంతా చిన్నవారూ కారు. అమ్మకాలు పడిపోయిన నెలలో జీతాలకు, స్టీలుకు, వడ్డీకి డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్న దగ్గరే వారి దారులు వేరయ్యాయి.

ఆగిన టవర్‌ను నడిపించడానికి కొత్త ప్రాజెక్టు బోర్డు పెట్టి, దాని పేరిట జనం దగ్గర అడ్వాన్సులు తీసుకోవడం ఈ వ్యాపారంలో అన్నింటికన్నా ప్రమాదకరమైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. మార్కెట్ మందగించడం ఒక్కటే సంస్థను ముంచదు. మందగించినప్పుడు తీసుకున్న ఈ నిర్ణయం మాత్రం సంస్థనూ, దాన్ని నమ్మి సొమ్ము కట్టిన కుటుంబాలనూ కలిపి ముంచుతుంది.

ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మే పద్ధతి, లెక్క ఎలా ఉంటుందో ఊహాత్మక అంకెలతో చూద్దాం. చదరపు అడుగు 7,000 రూపాయలు పలికే చోట, మొత్తం సొమ్ము ఒకేసారి కడితే 4,500కే ఇస్తామని ఒక సంస్థ చెప్పింది. 1,200 చదరపు అడుగుల ఫ్లాట్ 54 లక్షలకే వస్తోందని మధ్యతరగతి కుటుంబం ఊళ్లో పొలం అమ్మి కట్టేసింది. ఆ 4,500లో 2,000 పాత టవర్ లిఫ్టులకు, కిటికీలకు, పాత వడ్డీలకు పోయింది. ఇక మిగిలిన 2,500తో భూయజమానితో లెక్క తేల్చుకోవాలి, అనుమతి ఫీజులు కట్టాలి, నాలుగేళ్ల తర్వాతి ధరలకు సిమెంటు, స్టీలు కొని ఇల్లు కట్టి ఇవ్వాలి. నిర్మాణ ఖర్చు ఒక్కటే అంతకు మించుతుంది. కాబట్టి ఈ రెండో ప్రాజెక్టు పునాదిలోనే మూడో ప్రాజెక్టు అవసరం పుట్టింది. మూడోదాన్ని ఇంకా తక్కువ రేటుకు అమ్మితే తప్ప కొనేవారు రారు. ఆ డబ్బు ఆదాయంగా కనిపించినా నిజానికి అది ఫ్లాట్ రూపంలో తీర్చాల్సిన అప్పు. లెక్కల పుస్తకంలో దాన్ని అప్పు పద్దు కింద రాసుకున్న సంస్థ అధిపతికి ఈ సంగతి మొదటి రోజే తెలుస్తుంది.

చట్టం దీన్ని ఊహించే రాసింది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచి, పని ఎంత జరిగిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే ఆ మేరకు తీయాలి. చాలామంది ఈ 70 శాతం నిబంధనను చేతులు కట్టేసే షరతుగా చూస్తారు. నా దృష్టిలో కష్టకాలంలో అధిపతికి అంతకన్నా మంచి రక్షణ లేదు, ఎందుకంటే ఫైనాన్షియరు వచ్చి కూర్చున్నప్పుడు, భాగస్వామి ఒత్తిడి చేసినప్పుడు ఆ డబ్బు ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పగలిగే ఆధారం అదొక్కటే.

మరి డబ్బు ఎక్కడి నుంచి రావాలి? చేతిలో ఉన్న పనిలో నుంచే. ఈ మాట చెప్పినంత తేలిక కాదు, దానికి కారణం సైటుకు వెళ్లి చూస్తే అర్థమవుతుంది. మన దగ్గర చెల్లింపులు ఎక్కువగా స్లాబులకు ముడిపడి ఉంటాయి. స్లాబు పడగానే డిమాండ్ నోటీసు వెళ్తుంది, బ్యాంకు ఆ విడత సొమ్ము విడుదల చేస్తుంది. స్లాబులన్నీ పూర్తయ్యేసరికి ధరలో సింహభాగం వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత మిగిలేవి టైల్స్, లిఫ్టులు, ట్రాన్స్‌ఫార్మర్, మురుగునీటి శుద్ధి ప్లాంటు, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం). వీటికి డబ్బు పోవడమే తప్ప రావడం కనిపించదు. అందుకే నగదుకు కటకటలాడే బిల్డరు ఫినిషింగ్‌లో ఉన్న టవర్‌ను వదిలేసి, పక్క బ్లాకులో సెంట్రింగ్ బిగించి కొత్త స్లాబు వేయడానికి మొగ్గు చూపుతాడు. బాచుపల్లి నుంచి తెల్లాపూర్ దాకా గోడలు లేచి, కిటికీలు లేక, లిఫ్టు గుంతల్లో నీళ్లు నిలిచిన బ్లాకులు కనిపిస్తే వాటిలో కొన్నింటి కథ ఇదే.

నాయకత్వం అవసరమయ్యేది ఇక్కడే. మూడు టవర్లుండి ఒకటి 85 శాతం, ఒకటి 40 శాతం పూర్తయి, మూడోది పునాదిలో ఉంటే, మనుషుల్నీ మెటీరియల్‌నూ మొదటిదానిపైనే పెట్టి పునాదిలో ఉన్నదాన్ని ఆపాలి. అది అక్కడి కొనుగోలుదారులకు కోపం తెప్పిస్తుంది, రెరాలో ఫిర్యాదులూ రావచ్చు. కానీ మొదటి టవర్‌కు ఓసీ, అంటే నివాసానికి సిద్ధమని మున్సిపల్ సంస్థ ఇచ్చే పత్రం, చేతికొస్తే నాలుగు దారుల్లో డబ్బు కదులుతుంది. చివరి విడత సొమ్ము వస్తుంది. అనుమతి సమయంలో మున్సిపల్ సంస్థకు తనఖా పెట్టిన పది శాతం విస్తీర్ణం విడుదలై అమ్మకానికి వస్తుంది. అమ్ముడుపోని ఫ్లాట్లపై జీఎస్టీ ఉండదు. అందుబాటు ధర విభాగంలోకి రాని, నిర్మాణంలో ఉన్న ఇంటికి 2019 ఏప్రిల్ నుంచి ఐదు శాతం జీఎస్టీ కట్టాలి కనుక 80 లక్షల ఫ్లాట్‌పై కొనుగోలుదారుకు నాలుగు లక్షలు మిగులుతాయి. గిరాకీ లేని రోజుల్లోనూ తాళంచెవి చేతికిచ్చే ఇంటిని అడిగేవాళ్లు ఉంటారు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఆ టవర్‌ను నడపడానికి తెచ్చిన అప్పుపై వడ్డీ ఆగుతుంది.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఎంత గొప్ప నాయకుడైనా ఈ పని చేయగలడా లేదా అన్నది చాలావరకు భూమి తీసుకున్న రోజే తేలిపోతుంది. 2006లో జీవో 86 వచ్చాక హైదరాబాద్‌లో ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్‌కు, అంటే స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టవచ్చన్న లెక్కకు, పరిమితి లేకుండా పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లను (చుట్టూ వదలాల్సిన ఖాళీని) బట్టి ఎంత ఎత్తుకైనా వెళ్లవచ్చు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం అత్యధికంగా 100.75 కోట్లు పలికింది. ఆ స్థాయి ధరకు భూమి తీసుకుంటే నలభై, యాభై అంతస్తులు వేయక తప్పదు. ఐదంతస్తుల బ్లాకులైతే ఒకదాని తర్వాత ఒకటి పూర్తి చేసి అప్పగిస్తూ పోవచ్చు. నలభై ఐదు అంతస్తుల టవర్‌లో పాతిక అంతస్తులు పూర్తి చేసి మిగతాది మార్కెట్ బాగున్నప్పుడు చూద్దామంటే కుదరదు. పైగా ప్రైవేటు బిల్డర్ల భూమి కొనుగోలుకు బ్యాంకులు రుణం ఇవ్వకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందువల్ల ఆ సొమ్ము అధిక వడ్డీకే వస్తుంది. ఐటీ జీతాల మీద ఇంతగా ఆధారపడిన ఈ నగరంలో, అమెరికాలో ఒక ఏడాది నియామకాలు తగ్గితే ఇక్కడ బుకింగులు తగ్గుతాయి. ఐదారేళ్లు ఆగలేని అప్పుతో ఆ ఎత్తుకు వెళ్లడం సాహసం అనిపించుకోదు.

చెల్లింపుల వరుస గురించి నా అభిప్రాయం స్పష్టం. ముందు కూలీలు, తర్వాత చిన్న కాంట్రాక్టర్లు, ఆ తర్వాతే మిగతావారు. యజమాని తన ఇంటికి తీసుకెళ్లే డబ్బు ఆ వరుసలో చివరన ఉండాలి. కూలీలు ఊళ్లకు వెళ్లిపోతే సైటు ఏమవుతుందో లాక్‌డౌన్‌లో చూశాం; 2020 మే 1న వలస కూలీలతో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. సైటులో పనిచేసే మేస్త్రీకి వారం కూలి అందకపోతే అతను వాదించడు, తన ముఠాతో సహా పక్క సైటుకు వెళ్లిపోతాడు. బ్యాంకు మేనేజరును మూడు నెలలు ఆపగలం కానీ సెంట్రింగ్ ముఠాను మూడు వారాలు కూడా ఆపలేం.

కొనుగోలుదారుల విషయంలో జరుగుతున్న తప్పు డబ్బుకు సంబంధించింది కాదు. మియాపూర్‌లో అద్దె కడుతూ, ఇంకా పూర్తికాని ఇంటికి ప్రీ-ఈఎంఐ (విడుదలైన రుణంపై వడ్డీ) కూడా కడుతున్న దంపతులు ఆదివారం సైటుకు వస్తారు. ఎన్నో స్లాబు నడుస్తోందని వాచ్‌మన్‌ను అడుగుతారు. ఆఫీసుకు ఫోన్ చేస్తే "సార్ మీటింగ్‌లో ఉన్నారండీ, మేమే కాల్ బ్యాక్ చేస్తాం" అని ఒక అమ్మాయి చెబుతుంది. ఆ అమ్మాయికి నిజం తెలియదు, తెలిసినా చెప్పే అధికారం లేదు. ఆలస్యం పద్నాలుగు నెలలైతే పద్నాలుగు నెలలని, ఖాతాలో ఎంత ఉందో, ఏ పని ముందు చేస్తున్నారో సంస్థ అధిపతే వారి ఎదుట నిలబడి చెప్పాలి. రెరా పోర్టల్‌లో మూడు నెలలకోసారి వివరాలు పెట్టడం ఎలాగూ తప్పనిసరి. ఆ కాగితాన్నే పట్టుకుని మాట్లాడితే చాలు. దసరాకని, సంక్రాంతికని, ఉగాదికని మూడుసార్లు మాట తప్పిన సంస్థ నాలుగోసారి నిజం చెప్పినా వినేవాళ్లుండరు. చట్టప్రకారం ఆలస్యానికి వడ్డీ చెల్లించాల్సిన బాధ్యత ఎటూ ఉంది, దాన్ని ముందే ఒప్పుకున్నవారితో మాట్లాడటానికి జనం సిద్ధంగానే ఉంటారు.

2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక, చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం), దాని చుట్టూ బఫర్ హద్దుల భయం సక్రమంగా అనుమతులున్న ప్రాజెక్టుల అమ్మకాలనూ తాకింది. దీనికి ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం కన్నా సర్వే నంబర్ల పటం, నీటిపారుదల, రెవెన్యూ శాఖల ఎన్‌వోసీలు అడగకముందే కొనుగోలుదారుకు ఇవ్వడం మేలు.

డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద, అంటే భూయజమానికి ఫ్లాట్లలో వాటా ఇచ్చే ఒప్పందంపై, తీసుకున్న స్థలాల్లో మరో చిక్కుంది. భూయజమాని తన వాటా ఫ్లాట్లను అవసరానికి తక్కువ రేటుకు అమ్మేస్తే, బిల్డరు వాటాను ఎవరూ అడగరు. మార్కెట్ బాగున్నప్పుడే కనీస ధరపై, అమ్మే క్రమంపై రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. తర్వాత అడిగితే అది బతిమాలడమే అవుతుంది.

ఇవన్నీ చేసినా గట్టెక్కని ప్రాజెక్టులుంటాయి. అప్పుడు దాన్ని పూర్తి చేయగల మరొకరికి అప్పగించడం ఓటమిగా భావించకూడదు. రెరా చట్టం 15వ సెక్షన్ కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతితో, అథారిటీ ఆమోదంతో ఇందుకు వీలు కల్పిస్తోంది. అయితే బిల్డరు మారినంత మాత్రాన ప్రాజెక్టు గడువు పెరగదని అదే సెక్షన్ చెబుతోంది. అందుకే తీసుకోవడానికి వచ్చే సంస్థ మొదట అడిగేది ఇంకా ఎన్ని నెలలున్నాయని, రెండోది ప్రత్యేక ఖాతాలో ఎంత ఉందని. ఈ రెండు ప్రశ్నలకూ సరైన జవాబు ఉన్నప్పుడే బిల్డరు ఆ సంస్థ తలుపు తట్టాలి.