సవరణ: సీ డ్రైవ్ ఖాళీ చేయడానికి వన్‌డ్రైవ్ ఫైళ్లు డిలీట్ చేయకండి

కంప్యూటర్‌లో సీ డ్రైవ్ నిండితే వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ స్టోరేజ్) ఫోల్డర్‌లోని ఫైళ్లు తీసేయొచ్చని, క్లౌడ్‌లో కాపీ ఎలాగూ ఉంటుందని ఇంతకుముందు పోస్టులో ఉంది. అది సరికాదు. ఆ ఫోల్డర్ బ్యాకప్ కాదు, సింక్, అంటే కంప్యూటర్‌లోనూ క్లౌడ్‌లోనూ ఒకేలా ఉంచేది. ఇక్కడ తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, ఫోన్ యాప్‌లోనూ కనబడదు.

చేయాల్సింది వేరు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కాలి. ఆకుపచ్చ టిక్ పోయి నీలం మబ్బు గుర్తు వస్తే డిస్కులో చోటు ఖాళీ అయినట్టే. ఆ తర్వాత ఫైల్ తెరవాలంటే నెట్ ఉండాలి, రైల్లో పని చేసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. బాణాలు తిరుగుతుంటే సింక్ ఇంకా అవలేదు, ఆగండి. అన్నట్టు, దీనివల్ల డిస్కులోనే చోటు ఖాళీ అవుతుంది, క్లౌడ్‌లోని ఉచిత 5 జీబీ కోటాలో ఒక్క ఎంబీ కూడా ఖాళీ అవదు.

ఇప్పటికే డిలీట్ చేసేసినవాళ్లు వన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లోని రీసైకిల్ బిన్ చూడండి. పర్సనల్ అకౌంటులో 30 రోజులు, ఆఫీసు అకౌంటులో మామూలుగా 93 రోజులు ఉంటాయి. పర్సనల్ అకౌంటులో బిన్ నిండితే పాతవి 3 రోజులకే పోతాయి. మబ్బు గుర్తున్న ఫైల్‌ను తీసేసి ఉంటే మాత్రం విండోస్ రీసైకిల్ బిన్‌లో వెతికి లాభం లేదు.